పుత్రోత్సాహం కప్పు గెలిచేదాకా ఆగాలా? అష్టావక్రుడి కథ, ఆటిజం ఉన్న పిల్లలు, ఊరి గ్రౌండు



ఈ వారం మన పాఠం పుత్రోత్సాహం అనే ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. ఈ మాట మన ఇళ్లలోకి సుమతీ శతకం నుంచి వచ్చింది. బడిలో అందరం కంఠస్థం చేసిన పద్యమే, కాబట్టి మళ్లీ ఇక్కడ రాయను. కవి భావం ఏమిటంటే, కొడుకు పుట్టాడని తెలిసిన రోజు తండ్రికి కలిగే సంతోషం అసలు సంతోషం కాదట. నలుగురూ ఆ కొడుకుని చూసి మెచ్చుకున్న రోజున కలిగేదే అసలైనదట. కూతురికైనా అంతే అనుకోండి.

పద్యం తప్పని నేను అనను. లోకంలో జరిగేది అదే. టెన్త్ రిజల్ట్స్ వచ్చిన రోజు మీ నాన్నగారి ముఖం గుర్తు తెచ్చుకుంటే మీకే తెలుస్తుంది. కానీ నా ప్రశ్న వేరే. ఆ నలుగురూ మెచ్చుకోకపోతే? మెచ్చుకోకపోవడం సరే, నవ్వితే? ఆ తల్లికి, ఆ తండ్రికి పుత్రోత్సాహం ఏ రోజు రావాలి?

ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. మన చానెల్ చూసేవాళ్లలో చాలామంది ఉండేది హైదరాబాదులోనే అయినా, పండక్కి బస్సెక్కేది మాత్రం విజయవాడ హైవే మీద సూర్యాపేటకో కోదాడకో, లేదంటే నార్కట్‌పల్లి దగ్గర పక్కకు తిరిగి అద్దంకి రోడ్డు మీద మిర్యాలగూడకో. ఊళ్లో అక్క కొడుకు ఒకడుంటాడు. పిలిస్తే పలకడు, ఫ్యాన్ తిరగడం గంటసేపు చూస్తాడు, కుక్కర్ విజిల్ వేస్తే రెండు చెవులూ మూసుకుంటాడు. "లేట్‌గా మాటలొస్తయిలే" అని పెద్దవాళ్లు నాలుగేళ్లు గడిపేస్తారు. తరువాత డాక్టరుగారు ఆటిజం అంటారు. ఆ రోజు నుంచి వాడిని పెళ్లిళ్లకు తీసుకురావడం తగ్గిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. ఆ సగటునే మనకూ వేసుకుంటే, లక్ష జనాభా ఉన్న ఊళ్లో దాదాపు 780 మంది. సూర్యాపేట, మిర్యాలగూడ రెండూ 2011 జనాభా లెక్కలకే లక్ష దాటాయి. మరి వాళ్లంతా మనకు గ్రౌండులో ఎందుకు కనిపించరు? మన పాఠం అక్కడ మొదలవుతుంది.

ముందు కథ చెప్పుకుందాం. మహాభారతం, వనపర్వం.

ఉద్దాలకుడు అని ఒక గొప్ప గురువు. ఆయన శిష్యుడు కహోడుడు. గురువుగారు తన కూతురు సుజాతనిచ్చి పెళ్లి చేశారు. సుజాత గర్భవతిగా ఉన్నప్పుడు కహోడుడు శిష్యుల మధ్య కూర్చుని వేదం వల్లె వేస్తున్నాడు. కడుపులో ఉన్న బిడ్డ అన్నాడు, నాన్నా, రాత్రంతా చదువుతున్నావు కానీ అది సరిగ్గా రావడం లేదు అని. కహోడుడికి అవమానం అనిపించింది. పుట్టకముందే ఇన్ని వంకలు వెతుకుతున్నావా, ఎనిమిది వంకరలతో పుట్టు అని శపించాడు. అష్టావక్రుడు అలా పుట్టాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఈ కథ విన్న ప్రతిసారీ మనం బిడ్డ తెలివి గురించే మాట్లాడుకుంటాం. నాకు మాత్రం శాపం ఎక్కడ పడిందనేది ముఖ్యం అనిపిస్తుంది. అదే మాట ఆ బిడ్డ తండ్రి ఒంటరిగా ఉన్నప్పుడు అని ఉంటే ఆయన నవ్వి ఊరుకునేవాడేమో. అక్కడ శిష్యులున్నారు. నలుగురూ ఉన్నారు. నలుగురిలో పరువు పోయింది కాబట్టి బిడ్డ మీద కోపం వచ్చింది. ఈ కోపం మనకు కొత్తేం కాదు. ఫంక్షన్ హాల్లో పిల్లవాడు గట్టిగా అరిచి కింద పడి దొర్లినప్పుడు, తండ్రి వాడి రెక్క పట్టుకుని బయటికి ఈడ్చుకెళ్లడం మీరు చూసే ఉంటారు. ఆ తండ్రి చెడ్డవాడేం కాదు. అందరూ తనవైపే చూస్తున్నారన్నది ఆయన తట్టుకోలేకపోయాడు.

సరే, కథలోకి వద్దాం. కహోడుడు ధనం కోసం జనక మహారాజు సభకు వెళ్లాడు. అక్కడ బంది అనే పండితుడితో వాదంలో ఓడిపోయాడు. ఓడినవాళ్లను నీళ్లలో ముంచేయడం అక్కడి షరతు. కహోడుడు తిరిగి రాలేదు. ఆ సంగతి పిల్లవాడికి చెప్పకుండా దాచారు. అష్టావక్రుడు తాతగారైన ఉద్దాలకుడినే తండ్రి అనుకుని, ఆయన ఒడిలోనే పెరిగాడు. ఉద్దాలకుడి కొడుకు శ్వేతకేతుడు కూడా అదే వయసువాడు. వాడిని అన్నో తమ్ముడో అనుకున్నాడు. పన్నెండో ఏట ఒకరోజు తాత ఒడిలో కూర్చుని ఉంటే శ్వేతకేతుడు వచ్చి చెయ్యి పట్టి లాగేశాడు, ఇది మీ నాన్న ఒడి కాదు పో అని. అష్టావక్రుడు ఏడుస్తూ తల్లి దగ్గరకు వెళ్లి నిజం తెలుసుకున్నాడు. శ్వేతకేతుడినే తోడు తీసుకుని జనకుడి సభకు బయలుదేరాడు.

ద్వారం దగ్గర కాపలావాడు ఆపాడు, పిల్లలకు ప్రవేశం లేదన్నాడు. జుట్టు నెరిసినంత మాత్రాన పెద్దవాడైపోడని ఈ పిల్లవాడు ఆయనతోనే వాదించాడు. లోపలికి వెళ్లి బందితో తలపడ్డాడు. ఆ వాదం అంతా అంకెల మీద నడుస్తుంది. ఒకటి అని బంది మొదలుపెడితే, రెండు అని ఇతను అందుకుంటాడు. అలా పదమూడు దాకా వెళ్లాక బంది సగంలో ఆగిపోతాడు. మిగతా సగం అష్టావక్రుడు పూర్తి చేస్తాడు. (అంకెలంటే ప్రాణం పెట్టే పిల్లలు మీ ఇంట్లో ఉంటే ఈ ఘట్టం చెప్పి చూడండి, చెవులు రిక్కించి వింటారు.) బంది ఓడాక తెలిసిందేమిటంటే అతను వరుణుడి కొడుకు, మునిగినవాళ్లంతా వరుణుడి యజ్ఞానికి వెళ్లారు, క్షేమంగా ఉన్నారు. అందరూ తిరిగి వచ్చారు. కహోడుడు వచ్చి జనకుడితో అంటాడు, మనుషులు కొడుకులు కావాలని కోరుకునేది ఇందుకే, నేను చేయలేనిది నా కొడుకు చేశాడు అని.

చూశారా, పుత్రోత్సాహం వచ్చేసింది. ఎప్పుడు? సభలో గెలిచాక, నలుగురూ మెచ్చుకున్నాక. సుమతీ శతకం చెప్పింది అక్షరాలా జరిగింది.

మరి ఆ పన్నెండేళ్లూ ఆ పిల్లవాడిని ఎవరు ఒడిలో పెట్టుకున్నారు? ఉద్దాలకుడు. అప్పటికి బంది లేడు, సభ లేదు, గెలుపు లేదు. ఉన్నదల్లా ఎనిమిది వంకరలున్న ఒక పిల్లవాడు. తాత ఆ పిల్లవాడిని కూర్చోబెట్టి చదువు చెప్పాడు. నన్నడిగితే ఆ సభలో గెలిచింది ఆ ఒడే. భారతంలో ఉద్దాలకుడు ఈ మనవడి గురించి గర్వంగా ఒక్క డైలాగ్ కూడా కొట్టడు. అది మీరు గమనించాలి.

కథ చివర్లో తండ్రి చెప్పగా అష్టావక్రుడు సమంగా నదిలో మునిగితే వంకరలన్నీ పోయాయని ఉంది. దీని గురించి సూటిగా ఒక మాట చెప్పాలి. ఈ భాగం పట్టుకుని ఫలానా తీర్థంలో స్నానం చేయిస్తే ఆటిజం పోతుంది, ఫలానా తాయెత్తు కడితే మాటలొస్తాయి అని డబ్బులు గుంజేవాళ్లు ఉన్నారు. ఇప్పుడు కొత్తగా స్టెమ్ సెల్స్ పేరు చెప్పి లక్షలు అడిగేవాళ్లు కూడా తయారయ్యారు. ఆటిజం రోగం కాదు, శాపం కాదు, పూర్వజన్మ పాపం అసలే కాదు. మెదడు ఎదిగే తీరులో ఉన్న తేడా. టీకాల వల్ల వచ్చేది కాదు, తల్లి పెంపకం వల్ల వచ్చేది కూడా కాదు. నదికి తీసుకెళ్లండి, స్వామిని దర్శనం చేయించండి, అందులో తప్పేముంది? వాడపల్లిలో కృష్ణ, మూసీ కలిసేచోట కాసేపు కూర్చోబెడితే ఆ పిల్లవాడికి కూడా హాయిగా ఉండొచ్చు. కానీ థెరపీ మానేసి వెళ్లకండి.

ఇక మన కాలానికి, మన జిల్లాల దగ్గరికి వద్దాం.

సూర్యాపేటకు పాత పేరు భానుపురి. సూర్యుడి పేరు పెట్టుకున్న ఊరు. అక్కడి నుంచి ఉత్తరంగా వెళితే వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలో కల్లెడ అనే పల్లె వస్తుంది. అక్కడ 2003లో పుట్టిన అమ్మాయి జీవాంజి దీప్తి. ఆమెది ఆటిజం కాదు, మేధోపరమైన వైకల్యం. రెండూ ఒకటి కావు, ఆ తేడా గుర్తుంచుకోవాలి. అయితే ఊరు రెండింటినీ చూసే చూపు మాత్రం ఒకటే. తల్లిదండ్రులు కూలి పనులు చేసుకునేవాళ్లు. పుట్టినప్పుడు సూర్యగ్రహణం అని, అందుకే బిడ్డ ఇలా పుట్టిందని అన్నారు. ఆమెను పిచ్చిది అన్నారు, కోతి అన్నారు. అనాథాశ్రమంలో వదిలేయమని బంధువులే సలహా ఇచ్చారు. ఈ సంగతులు ఆమె తల్లే తరువాత పత్రికలవాళ్లకు చెప్పింది.

ఆ గ్రహణం మాట కాస్త చూద్దాం, ఎందుకంటే పంచాంగం మనకు తెలిసిన విద్యే. 2003లో వచ్చిన సూర్యగ్రహణాలు రెండు. ఒకటి మే 31న, వలయాకారంగా, ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్ వైపు కనిపించింది. రెండోది నవంబర్ 23న, సంపూర్ణంగా, అంటార్కిటికాలో కనిపించింది. దీప్తి పుట్టింది సెప్టెంబర్ నెలాఖరులో. ఆ నెలలో సూర్యగ్రహణమే లేదు! లేని గ్రహణాన్ని తెచ్చి ఒక పసిబిడ్డ నెత్తిన పెట్టింది లోకం. గ్రహణ సమయంలో జపం చేసుకోమన్నారు పెద్దలు, స్నానం చేయమన్నారు, దానం చేయమన్నారు. పక్కింటి బిడ్డను వెక్కిరించమని ఏ శాస్త్రం చెప్పింది?

ఆ అమ్మాయి పిల్లల వెక్కిరింతలకు ఏడుస్తూ ఇంటికి వస్తే తల్లి తీపి అన్నం వండి పెట్టేదట, ఒక్కోసారి కోడికూర వండేదట. కూలిపని ఇంట్లో ఆ కోడికూర విలువ ఎంతో మీరే ఆలోచించండి. నాకు ఉద్దాలకుడి ఒడి అంటే అదే గుర్తొస్తుంది. అప్పటికి పతకాల ఊసే లేదు.

తరువాత బడిలో పీఈటీ సార్ ఆమె పరుగు చూశారు. ఆ పైన కోచ్ నాగపురి రమేశ్ కంట్లో పడింది, హైదరాబాదుకు శిక్షణకు వచ్చింది. పుల్లెల గోపీచంద్ సాయం అందింది. సికింద్రాబాదులోని జాతీయ సంస్థలో పరీక్షలు చేయించాక, మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల టీ20 విభాగంలో పరుగెత్తడానికి దారి తెరుచుకుంది. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడల్లో 400 మీటర్లలో స్వర్ణం. 2024 మే 20న జపాన్‌లోని కోబెలో ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు, స్వర్ణం. అదే ఏడాది సెప్టెంబర్ 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం. వచ్చిన బహుమతి డబ్బుతో ఇంటివాళ్లు ఒకప్పుడు అమ్ముకున్న పొలం మళ్లీ కొనుక్కున్నారు. తరువాత అర్జున అవార్డు కూడా వచ్చింది.

ఇప్పుడు చాలామందికి తెలియని ముక్క చెబుతాను. కోబెలో దీప్తి బద్దలుకొట్టిన పాత రికార్డు 55.12 సెకన్లు. అది అమెరికా అమ్మాయి బ్రియానా క్లార్క్‌ది. బ్రియానాకు ఆటిజం ఉంది, నాలుగేళ్ల వయసులో తెలిసింది. రియోలో, టోక్యోలో పారాలింపిక్స్ స్వర్ణాలు గెలిచింది. ఆమె కోచ్ ఎవరో తెలుసా? కన్నతల్లి. ఆ తల్లి రోజలిన్ 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 4×400 రిలేలో రజతం గెలిచిన రన్నర్. ఒక ఒలింపియన్ తల్లి ట్రాక్ పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని ఆటిజం ఉన్న కూతురిని పరుగెత్తిస్తే, ఒక కూలి తల్లి కల్లెడలో పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చిన కూతురికి తీపి అన్నం పెట్టింది. ఆ ఇద్దరు కూతుళ్ల మధ్య తేడా సెకనులో ఇరవయ్యో వంతు.

ఇంకొక పేరు కూడా చెప్పాలి. ముంబైలో పెరిగిన జియా రాయ్, నౌకాదళ ఉద్యోగి కూతురు, ఆటిజం ఉన్న అమ్మాయి. 2022 మార్చిలో పదమూడేళ్ల వయసులో శ్రీలంకలోని తలైమన్నార్ నుంచి మన ధనుష్కోడి దాకా 29 కిలోమీటర్లు 13 గంటల 10 నిమిషాల్లో ఈదింది. ఎక్కడో గమనించారా? రామసేతువు ఉన్న సముద్రం. వానరసేన రాళ్లు పేర్చిన దారి పక్కనే ఈ పిల్ల చేతులతో ఈదుకుంటూ వచ్చింది.

ఈ పేర్లు విని ఊళ్లో అక్కకు ఫోన్ చేసి "మనోణ్ణి కూడా ఒలింపిక్స్‌కి తయారు చేద్దాం" అనకండి దయచేసి. ఆటిజం ఉన్న పిల్లల్లో ఎక్కువమంది ఏ పతకమూ తేరు. మనలో కూడా ఎక్కువమందిమి తేలేదు కదా! అసలు ప్రశ్న మళ్లీ అదే. పతకం రాని పిల్లవాడు కొత్త ఆట మొదలుపెట్టిన రోజున ఆ తండ్రి ఛాతీ ఉబ్బాలా, వద్దా?

ఉబ్బాలి అని నేనెందుకు అంటున్నానో అర్థం కావాలంటే, ఆ పిల్లవాడికి ఆట ఎంత కష్టమో తెలియాలి.

కోదాడలో తొమ్మిదేళ్ల బాబు ఒకడున్నాడని ఊరికే అనుకుందాం. వాళ్ల నాన్న సాయంత్రం వాడిని గ్రౌండుకు తీసుకెళ్తానంటాడు. నాయనమ్మ అంటుంది, "ఏంది కొడుకా, గా పోరన్ని ఆడికి తోల్కపోతవా? నలుగురు నవ్వరా?" ఆ నాయనమ్మకు మనవడంటే ప్రేమ లేక కాదు. వాడిని ఎవరైనా నవ్వితే ఆమె ప్రాణం ఒప్పదు.

ముందు క్రికెట్ అనుకోండి. గల్లీ క్రికెట్ రూల్స్ మీకు తెలుసు. వన్ పిచ్ ఔట్ అంటారు, రెండు ఓవర్లయ్యాక కాదంటారు. గోడకు తగిలితే ఫోర్ అంటారు, బ్యాట్ ఉన్నోడు మారగానే రూలు మారుతుంది. మనకు అదే మజా. ఆటిజం ఉన్న పిల్లవాడికి మాత్రం కాళ్ల కింద నేల కదిలినట్టు ఉంటుంది. నిన్న ఉన్నది ఇవాళ అలాగే ఉంటుందన్న నమ్మకం మీద వాడి రోజు నడుస్తుంది. పైగా తన వంతు కోసం ఆగాలి, ఎవరు ఎవరికి సైగ చేస్తున్నారో ముఖం చూసి కనిపెట్టాలి. అవన్నీ వాడికి బ్యాటింగ్ కన్నా కష్టం.

కబడ్డీ? 2021లో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు సూర్యాపేటలోనే జరిగాయి, కాబట్టి ఆ ఆట ఆ నేలలో ఉంది. గీతలు స్పష్టంగా ఉంటాయి, అది మంచిది. ఒకే మాట మళ్లీ మళ్లీ అనడం కొందరు పిల్లలకు ఎంతో ఇష్టం, కూతే వాళ్లకు పండగ. కానీ ఏడుగురు మీదపడి పట్టుకుంటారే, ఆ స్పర్శ చాలామంది తట్టుకోలేరు. కొందరికేమో గట్టిగా పట్టుకుంటేనే హాయి. పిల్లవాడిని బట్టి చూడాల్సిందే, పుస్తకం చూసి చెప్పలేం.

స్కేటింగ్‌లో హెల్మెట్ పట్టీ గడ్డం కింద ఒరుసుకుంటేనే ఆ రోజు పాడవుతుంది. సైకిల్ మీద పెడల్ తొక్కడం, హ్యాండిల్ పట్టడం, ముందు చూడడం మూడూ ఒకేసారి చేయాలి. మనం ఆలోచించకుండా చేసేది వాడు ఒక్కొక్క ముక్కగా పేర్చుకోవాలి. పరుగు తేలిక, లైను వెంట పోవడమే, కానీ విజిల్ మోత చెవిలో సూదిలా గుచ్చుకుంటుంది. చెయ్యెత్తి సైగ చేసినా పరుగు మొదలవుతుంది కదా, పీఈటీ సార్‌ని ముందే అడగొచ్చు.

ఈత సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. నీటి ఒత్తిడి ఒళ్లంతా ఒకేలా ఉంటుంది కాబట్టి చాలామంది ఆటిజం పిల్లలు నీళ్లలో ప్రశాంతంగా ఉంటారు. అందులోనే ప్రమాదం కూడా ఉంది. ఎవరూ చూడనప్పుడు ఇంట్లోంచి బయటికి నడిచి వెళ్లిపోవడం ఈ పిల్లల్లో ఎక్కువ, వెళ్లినవాళ్లు నీళ్ల వైపు వెళ్లడం కూడా ఎక్కువే. అలా తప్పిపోయిన పిల్లల మరణాల్లో నీట మునగడమే ప్రధాన కారణం. మన ఊళ్లు చూడండి. మిర్యాలగూడ చుట్టూ సాగర్ ఎడమ కాలువ, దాని మేజర్లు, మైనర్లు. కోదాడ అంటే పెద్ద చెరువు. కాలువలో నీళ్లు వదిలిన రోజుల్లో ఆ వేగానికి పెద్దవాళ్లే నిలవలేరు. కాబట్టి ఈత వీళ్లకు సరదా మాత్రమే కాదు, ప్రాణరక్షణ. నేర్పించేది కాలువలో కాదు, లోతు తక్కువ ఉన్న పూల్‌లో, పక్కన మనిషి చేయి అందేంత దూరంలో. ఈత వచ్చాక కూడా కాపలా మానకూడదు. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి ఫిట్స్ ఉంటాయి, అలాంటివాళ్లను నీళ్లలోకి దించే ముందు డాక్టరును అడిగి తీరాలి.

ఇప్పుడు ఆ కోదాడ బాబు దగ్గరికి వద్దాం. మొదటి వారం గేటు దగ్గరే నిలబడ్డాడు. రెండో వారం లోపలికి వచ్చి గోల్‌పోస్ట్ పట్టుకుని ఊగాడు. మూడో వారం నాన్న చెప్పకుండానే బూట్లు తెచ్చి తలుపు దగ్గర పెట్టాడు. ఆ నాన్నకు ఆ రోజు నిద్ర పట్టకపోతే అతిశయోక్తి అంటారా? ఆ బూట్లను మెచ్చుకోవడానికి అక్కడ నలుగురు లేరు. చూసింది ఒక్కడే. సుమతీ శతకంలో ఈ తండ్రికి పద్యం లేదు, మనమే చోటు పెట్టుకోవాలి. నెల తరువాత వాడు ఫుట్‌బాల్ వదిలేసి స్కేట్స్ కావాలన్నా సరే. ఒకటి మొదలుపెట్టి చూసి, నచ్చక వదిలేసి, ఇంకోటి పట్టుకోవడం మామూలు పిల్లలు పదిసార్లు చేస్తారు. వీడికి ఆ హక్కు లేదా?

గర్వం గురించి ఇంకో హెచ్చరిక కూడా ఉంది. భాగవతంలో హిరణ్యకశిపుడు కొడుకుని ఒడిలో కూర్చోబెట్టుకుని ముద్దుగానే అడుగుతాడు, బడిలో నేర్చుకున్నదాంట్లో మంచిది ఒకటి చెప్పు నాయనా అని. ప్రహ్లాదుడు విష్ణుభక్తి గురించి చెప్పేసరికి అదే ఒడిలోంచి కింద పడేస్తాడు. తను వినాలనుకున్నది చెబితేనే ఒడి, లేకపోతే నేల. ఈ మధ్య ఫోన్లలో చూస్తున్నాను, పిల్లవాడు అలసిపోయి చెవులు మూసుకుంటున్నా "ఇంకోసారి చెయ్యి నాన్నా, వీడియో తీస్తున్నా" అంటున్నారు. పిల్లవాడు ఏడ్చి గోల చేస్తున్న దృశ్యం కూడా పెట్టేస్తున్నారు, అవగాహన కోసం అట. రేపు ఆ పిల్లవాడు పదిహేనేళ్లకు ఆ వీడియో చూస్తాడు, వాడి తోటివాళ్లూ చూస్తారు. వీడియోలు చేసుకునే మేమే ఈ మాట చెబుతున్నామంటే కొంచెం నవ్వొస్తుందని తెలుసు, అయినా చెప్పాలి. మీ గర్వానికి వాడు సామాను కాడు.

ఇప్పుడు మీ సంగతి. మీరు తల్లిదండ్రులు కాకపోవచ్చు. అన్న, అక్క, చిన్నాన్న, మేనత్త అయి ఉంటారు. ఊరికి వెళ్లినప్పుడు పనికొచ్చే విషయాలు కొన్ని చెబుతాను.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం స్పష్టంగా ఉంది. యూడీఐడీ కార్డుకు దరఖాస్తు చేయించండి, ఆన్‌లైన్ పని మీకు అరగంట, ఊళ్లో అక్కకు నాలుగు రోజుల తిరుగుడు. మండల స్థాయిలో ప్రభుత్వ బడుల దగ్గర భవిత కేంద్రాలుంటాయి, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకోసమే. అక్కడి టీచరును ఆటల గురించి కూడా అడగొచ్చు. పూర్తి పరీక్షలు కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి జాతీయ సంస్థ ఉంది, ఒకప్పుడు దీన్నే ఎన్ఐఎంహెచ్ అనేవాళ్లు. మీరు హైదరాబాదులోనే ఉంటారు కదా, వాళ్లు వచ్చినప్పుడు రెండు రోజులు ఇంట్లో ఉంచుకుని తోడు వెళ్లండి. దానికన్నా పెద్ద సేవ లేదు.

పోటీల సంగతి వస్తే, స్పెషల్ ఒలింపిక్స్ వేరు, పారాలింపిక్స్ వేరు. స్పెషల్ ఒలింపిక్స్ మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్లకు, ఎనిమిదేళ్ల నుంచి ఎవరైనా ఆడొచ్చు, ఇంత టైములో పరుగెత్తాలన్న అర్హత గీత ఉండదు. అదే సంస్థలో మామూలు పిల్లలు, ఈ పిల్లలు ఒకే టీములో ఆడే యూనిఫైడ్ ఆటలు కూడా ఉన్నాయి. ఆటిజం ఉండి మేధోపరమైన వైకల్యం లేని పిల్లలకు ఈ దారి ఉండకపోవచ్చు, వాళ్లు మామూలు క్లబ్బులోనే చేరాలి. పారాలింపిక్స్‌లో సర్టిఫికెట్ పరీక్షలు చాలా కఠినం. దానికి కారణం ఉంది. 2000 సిడ్నీలో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు పన్నెండుమందిలో పదిమందికి ఏ వైకల్యమూ లేదని తరువాత బయటపడింది. ఆ మోసానికి శిక్షగా ఈ విభాగాన్నే ఎత్తేశారు, మళ్లీ 2012 లండన్‌లో గానీ రాలేదు. మోసం చేసింది ఒకరు, పన్నెండేళ్లు బయట నిలబడింది నిజంగా అర్హులైన పిల్లలు.

ఇవన్నీ తరువాత. ముందు ఈ పండక్కి వెళ్లినప్పుడు చేయాల్సింది చిన్న పని. అక్కనడిగి బాబుకు ఏ శబ్దం పడదో, ఏది ఇష్టమో తెలుసుకోండి. గ్రౌండు ఫోటో ఒకటి ముందురోజే చూపించండి, "ముందు బంతి, తరువాత ఇంటికి, తరువాత చకినాలు" అని వరుస చెప్పండి. చెప్పిన వరుస మార్చకండి. జనం తక్కువ ఉండే పొద్దున్నే వెళ్లండి. ఒకసారి ఒక్క మాటే చెప్పండి, నా కళ్లలోకి చూడు అని పట్టుబట్టకండి, వాడు వినకుండా ఏమీ లేడు. చెవులు మూసుకుంటే ఇంటికి తిరిగి రండి, తిట్టకుండా, "వచ్చావు కదా" అని. మొదటి రోజు పది నిమిషాలు చాలు. నీళ్ల సీసా, మార్చుకోవడానికి మెత్తటి టీషర్టు మర్చిపోకండి, మెడ దగ్గర గుచ్చుకునే లేబుల్ కత్తిరించినది.

వచ్చే వారం ధ్రువుడి కథ. అది కూడా ఒడి కథే.